నలభై మూడో ఫైలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఫ్యాను గాలి మనుషులకు దక్కలేదు. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటరు వైపే తిరిగి ఉండేది. డబ్బా పక్క రేకు ఊడదీసి, దాని కడుపులోకి గాలి తగిలేట్టు ఫ్యాను పెట్టి, మా అన్న ఓబుళేశు దాన్ని జ్వరం వచ్చిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు.

"మనుషులు సెమటకు సస్తాంటే ఇసనకర్ర. దానికి మాత్రం ఫ్యాను," అని మా అమ్మ సిద్దమ్మ చెనిక్కాయలు ఒలుచుకుంటూ గొణిగేది.

"అది వేడెక్కితే నిలబడిపోతాదిమ్మా."

"నేను వేడెక్కితే ఏం జేస్తానో సూస్తావా?"

అది రెండు వేల తొమ్మిది. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా నాన్న పుల్లయ్య ఎర్రగుంట్లలో సిమెంటు లారీ డ్రైవరు, పది పన్నెండు రోజులకోసారి వచ్చి ఒక పూట నిద్రపోయి వెళ్ళేవాడు. అన్న చుట్టుపక్కల ఊళ్ళలో పెండ్లిళ్ళకు వీడియో తీసేవాడు. ఏప్రిల్లో ఎలెక్షన్ల మీటింగులు తీసి, ఆ సంపాదనంతా పోసి కొత్త కెమెరా కొన్నాడు. హెచ్.డి. కెమెరా. పాతదానిలాగా భుజాన మోసేది కాదు, అరచేతిలో ఇమిడేది. క్యాసెట్టు లేదు, తీసిందంతా లోపలి డిస్కులోనే ఉంటుంది. కోయిలకుంట్ల చుట్టుపక్కల అట్లాంటిది ఇంకెవరి దగ్గరా లేదని అన్న చెప్పుకునేవాడు.

"పెండ్లికూతురి కంటి రెప్పెంట్రుకలు లెక్కబెట్టొచ్చు," అనేవాడు.

లెక్కపెట్టొచ్చు, నిజమే. కానీ మా కంప్యూటరు ఆ బొమ్మను మోయలేకపోయేది. కోయిలకుంట్లలో మూతపడిన నెట్ సెంటరు నుంచి తెచ్చిన పాత కంప్యూటరు అది. ప్లే నొక్కితే గొంతు ముందు పరుగెత్తేది, బొమ్మ వెనక కుంటేది. కాసేపటికి బొమ్మ ఎక్కడో ఒకచోట కొయ్యబారిపోయేది. గొంతు మాత్రం ఆగకుండా పోతూనే ఉండేది. తెర మీద పురోహితుడు నోరు తెరుచుకుని నిలబడితే, లోపల మంత్రాలూ మేళమూ అయిపోయి భోజనాల దగ్గర "సాంబారు, సాంబారు" అనే కేకలు వినబడేవి.

ఆ కంప్యూటరు ముందు కూర్చునేది నేను. ముహూర్తాల రోజుల్లో అన్న ఇంట్లో నిలిచేవాడు కాదు. ఎడిటింగు నాకు నేర్పించి తను వెళ్ళిపోయేవాడు. నాకూ అది నచ్చింది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని.

ఎడిటింగు అంటే కోయడం అనుకుంటారు. మా పక్క ఊళ్ళలో కోయడానికి లేదు. పెండ్లి సీడీలో మనిషి కనబడకపోతే ఆ మనిషిని పిలవనట్టే లెక్క. మునుపు ఒకసారి ఒకరి పెద్దత్త మొహం రాలేదని రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. ఆమె అన్నను బజార్లో నిలబెట్టి, "నేను తిన్న ఇస్తరాకు తీసినావు, నన్ను తీయలేదా?" అని అడిగింది. అప్పటి నుంచి మా పద్ధతి ఒకటే. తీసిన ప్రతి ముక్కా చివరిదాకా చూడాలి. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవాలి. ఒక్క మొహం పోకుండా అతికించాలి. ఆ పేర్లు రాయడానికి నేను నా డైరీ వెనక పేజీలు వాడేదాన్ని.

అట్లా ప్రతి ముక్కా చూడబట్టే నలభై మూడో ఫైలు నా కంటబడింది.

పద్మప్రియ నిశ్చితార్థం మే మొదటి గురువారం జరిగింది. పద్మ, నేను ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. దాని నెంబరు ముప్పై రెండు, నాది ముప్పై మూడు. హాజరు పిలిచేటప్పుడు నా గొంతు సారు దాకా పోయేది కాదు. పద్మే నా బదులు "ప్రెజెంట్ సార్" అనేసేది. ఆరో తరగతిలో ఒక పొద్దు నేను నిజంగానే బడికి పోకపోయినా అలవాటు కొద్దీ అనేసి దెబ్బలు తినింది. వాళ్ళ నాన్న నాగసుబ్బయ్యకు కోయిలకుంట్లలో ఎరువుల అంగడి ఉంది. వరుడు కొత్తవాడేం కాదు, పద్మ తల్లి నాగరత్నమ్మకు సొంత తమ్ముడు మురళి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఇరవై తొమ్మిదేళ్ళు. పద్మకు పదహారు ఇంకా నిండలేదు. అమ్మమ్మ తుంటి విరిగి మంచాన పడింది. మనవరాలు తన ఇంటికి కోడలుగా వస్తే చూసి పోతానన్నదట. జూన్ పదకొండుకు ముహూర్తం పెట్టారు.

నిశ్చితార్థానికి నేనూ వెళ్ళాను. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. పద్మ నవ్వుతూనే ఉంది. నాకేమీ తేడా కనబడలేదు. అది నా తప్పు.

నలభై మూడో ఫైలులో పద్మ వాళ్ళ లోపలి గది. జడ వేస్తున్న పక్కింటామె పిన్నుల కోసం బయటికి వెళ్ళింది. గదిలో పద్మ, కెమెరా వెనక మా అన్న. పట్టుచీర కొంగుకు గుండీ అంత మైకు తగిలించి ఉంది.

"ఏదన్నా మాట్లాడు పాపా. గొంతు సరిగ్గా పడతాందో లేదో సూస్తా," అని అన్న గొంతు.

"ఏం మాట్లాడాలన్నా?"

"ఏదో ఒకటి. బళ్ళో సెప్పినట్టు సెప్పు."

పద్మ నిటారుగా కూర్చుంది. "ముప్పై రెండు, ప్రెజెంట్ సార్. ముప్పై మూడు, స్వర్ణలత, అది మూగిది సార్, దాని బదులు నేనే సెప్తాండా, ప్రెజెంట్ సార్!" నాలుక బయటపెట్టి నవ్వింది.

బొమ్మ అక్కడ కొయ్యబారిపోయింది. నాలుక బయటపెట్టిన పద్మ, బుగ్గ మీద చుక్క, కంటికాటుక ఒక్కొక్క గీతా కనబడేంత స్పష్టంగా. గొంతు మాత్రం వస్తూనే ఉంది.

గాజుల చప్పుడు. తర్వాత, "నాకు ఈ పెండ్లి వద్దన్నా."

మళ్ళీ పద్మ గొంతే.

"మామ మంచోడే. నన్ను భుజానెక్కిచ్చుకుని అహోబిలం తిరునాళ్ళకు ఎత్తుకపోయినోడు. ఆయన్ను సూస్తే నాకు ఆ భుజమే గుర్తొస్తాది. మొగుడంటే ఎట్లన్నా? అమ్మకు సెప్తే అవ్వ సచ్చిపోతాదంటాది. నేను కాలేజీకి పోవాల. లత, నేను ఇద్దరమూ పోవాలనుకుంటిమి." మళ్ళీ గాజుల చప్పుడు. ఈసారి గొంతు మారింది. "అన్నా, అది తిరుగుతాందా? సెరిపేయన్నా. నీకు దండం పెడతా."

"సెరిపేస్తాలే పాపా. ఎనక్కి తిప్పి దాని మీదనే తీస్తా. ఊరుకో, ఊరుకో."

అంతే. తెర మీద పద్మ ఇంకా నాలుక బయటపెట్టి నవ్వుతూనే ఉంది.

అన్న మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. నేను కంచం పెట్టి, నీళ్ళు పెట్టి, అమ్మ పెరట్లోకి పోయేదాకా ఆగాను.

"అన్నా, పద్మ మాట్లాడిండేది అట్లనే ఉండాది."

అన్న చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది. "ఏది?"

"మైకు సూసేటప్పుడు."

"యాడుంటాది? ఎనక్కి పోయి, ఆ ముక్క మొదట్లో నిలబెట్టి, దాని మీదనే తాంబూలాల సామాన్లు తీస్తిని గదా!"

నేను తెర చూపించాను. నలభై మూడు పద్మ. నలభై నాలుగు తాంబూలాల సామాన్లు. రెండూ వేరే వేరే.

అన్నకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఎనిమిదేళ్ళు క్యాసెట్టు మీద పని చేసిన చెయ్యి అది. క్యాసెట్టయితే వెనక్కి తిప్పి మళ్ళీ తీస్తే పాతది పోతుంది, దాని మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఈ కెమెరా అట్లా కాదు. ఎన్నిసార్లు వెనక్కి పోయినా, తీసిన ప్రతిదాన్నీ విడిగా దాచిపెట్టుకుంటుంది. మనం పోయిందనుకున్నది కూడా.

"తీసేయ్ దాన్ని," అన్నాడు.

నేను కదల్లేదు.

"లతా, తీసేయంటాండా. ఆయమ్మ దండం పెట్టింది. నేను మాటిచ్చినా."

"నువ్వెవురికీ సెప్పలేదా అన్నా?"

"ఏమని సెప్పేది? నాగసుబ్బయ్య దగ్గరికి పోయి, నీ కూతురు నాతో ఇట్లనిందని సెప్పల్లనా? నేనెవుర్ని? గదిలోకి పోయి ఆడపిల్లతో ఏం మాట్లాడినావురా అంటే ఏం సెప్పల్ల? ఇంగొక ఇంట్లోకి నన్ను కాలు పెట్టనిస్తారా?" చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం రొట్టె అట్లాగే ఉంది. "మాపటికి అది ఉండగూడదు."

"సరే," అన్నాను.

సాయంత్రం వచ్చి అడిగితే, "తీసేసినా," అన్నాను. అన్నతో నేను ఆడిన మొదటి అబద్ధం అది. ఎందుకు ఉంచానంటే ఆ రోజు నాకే తెలియదు. డైరీలో ఫైలు నెంబరు రాసుకుని, దాని చుట్టూ గీత గీశాను. ఇంకేమీ రాయలేదు.

తర్వాతి వారం పద్మ వాళ్ళింటికి వెళ్ళాను. నడవలో దర్జీ కొలతలు తీసుకుంటున్నాడు. పద్మ చేతులు చాచి నిలబడి ఉంది. నాగరత్నమ్మ పక్కనే మోడా మీద కూర్చుని చీరలు విప్పి చూసుకుంటోంది.

"వచ్చినావా మూగీ?" అంది పద్మ. "ఇదో సూడు, నన్ను సేన్లో దిష్టిబొమ్మ మాదిరి నిలబెట్టినారు. పిట్టలు బెదరాల్సిందే."

"గమ్మునుండవే. కొలత తప్పుతాది," అంది తల్లి.

"కాలేజీ అప్లికేషన్లు ఇస్తాండారంట," అన్నాను నెమ్మదిగా.

పద్మ చేతులు అట్లాగే చాచి ఉన్నాయి. "నువ్వు పో. నోరు తెరిసేది నేర్సుకో మే. ముప్పై రెండు లేకపోతే ముప్పై మూడుకు కూడా ఆబ్సెంటే పడతాది."

నాగరత్నమ్మ నవ్వింది. దర్జీ నవ్వాడు. పద్మ అందరికంటే గట్టిగా నవ్వింది. నేను దాని మొహాన్ని చూశాను. తెర మీద ఒక్కొక్క గీతా చూసి ఉన్నాను కాబట్టి ఈసారి కనబడింది. నోరు నవ్వుతోంది. కళ్ళు దర్జీ టేపు వైపు చూస్తున్నాయి.

ఇంటికి వచ్చేశాను.

మురళి మా ఇంటికి వచ్చింది మే ఇరవై మూడున, శనివారం. పొద్దున పదిన్నర దాటింది. అన్న వేరే ఊరి పెండ్లిలో ఉన్నాడు. అమ్మ పెరట్లో చెనిక్కాయలు చెరుగుతోంది. వాకిట్లో మోటారుసైకిలు ఆగిన చప్పుడుకు నేను తలుపు వెనక్కి జరిగాను.

"ఓబుళేశు లేడా పాపా?"

తల అడ్డంగా ఊపాను.

"పర్వాలేదులే. వీడియో పనంతా నువ్వే సూస్తావంట గదా, నువ్వున్నా సాలు." జేబులోంచి అరచేతిలో పట్టే నల్లటి డబ్బా తీశాడు. "ఇది మా ఫ్రెండుది, హార్డ్ డిస్కు. నిశ్చితార్థం అంతా దీన్లోకి ఎక్కియ్యి. మాయమ్మ రాలేకపోయిండె గదా, సూడాలని ఒకటే పోరు. మా క్వార్టర్సులో కొత్త కంప్యూటరుండాది, బొమ్మ బాగా ఆడతాది. రేపు మాయమ్మను కూర్చోబెట్టి అందరం సూస్తాము. ఏమీ కోయకుండా అంతా ఇయ్యి."

అంతా. అందరం.

మా ఊరికి పదకొండింటికి కరెంటు పోతుంది, మళ్ళీ రెండింటికి వస్తుంది. పాత కంప్యూటరు కాబట్టి అంత సరుకు ఎక్కడానికి గంట పైనే పడుతుంది. ఎక్కినంత ఎక్కుతుందని వైరు తగిలించి కూర్చున్నాను. నా వెనక బెంచీ మీద మురళి కూర్చున్నాడు. పంపాల్సిన ఫైళ్ళన్నీ గుర్తు పెట్టాను. కింద నూట పద్దెనిమిది అని పడింది. నలభై మూడు దగ్గరికి వెళ్ళి దాన్నొక్కదాన్ని విడగొట్టాను. నూట పదిహేడు. పంపడం మొదలైంది. తెర మీద ఆకుపచ్చ గీత చీమలాగా కదిలింది.

"నూట పద్దెనిమిదుండాయి గదా?" అన్నాడు మురళి వెనక నుంచి.

నా వేళ్ళు మౌసు మీదే ఉన్నాయి.

"నేనుండేది ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో పాపా. రోజంతా అంకెలు సూసేదే మా పని." నవ్వాడు. "ఒకటి తగ్గింది. సెడిపోయిందా అది?"

ఎంత సులువు! తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. నా జీవితమంతా తల ఊపి బతికినదాన్ని. అతను నూట పదిహేడూ తీసుకుని వెళ్ళిపోతాడు. జూన్ పదకొండు వస్తుంది. ఊపకపోతే, మొత్తం ఇచ్చేస్తే, రేపు అక్కడ ఇంటినిండా జనం ముందు ఆ గొంతు వినబడుతుంది. దండం పెట్టి చెరిపేయమన్న గొంతు.

నేను తల ఊపలేదు. పక్కన ఉన్న హెడ్‌ఫోన్లు తీసి అతనికి ఇచ్చాను.

అతను తీసుకుని, నా మొహం చూసి, చెవులకు పెట్టుకున్నాడు. నేను నలభై మూడు నొక్కాను.

ఒకపక్క పంపుడు నడుస్తోంది కాబట్టి బొమ్మ మరీ తొందరగా ఆగిపోయింది. ఈసారి నాలుక దాకా కూడా రాలేదు. "ఏం మాట్లాడాలన్నా?" అని అడిగే దగ్గరే, కనుబొమలు ఎత్తి ఉన్న పద్మ. నాకేమీ వినబడటం లేదు. వినాల్సిన పనీ లేదు. కింద సెకన్లు కదులుతున్నాయి, ఏ సెకనుకు ఏ మాటో నాకు తెలుసు. ఇరవై రెండు, ప్రెజెంట్ సార్. మురళి నవ్వాడు. ముప్పై ఒకటి, గాజుల చప్పుడు. ముప్పై ఎనిమిది.

నేను అతని వైపు చూడలేదు. నల్లబండల నేల మీద అతని పాదాలు కనబడుతున్నాయి. కుడికాలి బొటనవేలు బండను నొక్కుతోంది.

పెరటి వైపు నుంచి అమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "ఏం నాయనా, ఎప్పుడొచ్చినావు? ఈ పిల్ల పిలిస్తే గదా నాకు తెలిసేది! ఏం, బొమ్మ బాగొచ్చిందా?"

అతనికి వినబడలేదు. అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి తెర చూసింది. "అబ్బ, మన పద్మమ్మ! లచ్చిందేవి ఉన్నట్టుండాది."

నలభై తొమ్మిది. యాభై.

మురళి చెయ్యెత్తి అమ్మ దగ్గర చెంబు అందుకున్నాడు. హెడ్‌ఫోన్లు తీయకుండానే, చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, "బాగుండాదమ్మా! శానా బాగుండాది!" అన్నాడు.

అమ్మ సంతోషంగా చెరుగుడుకు వెళ్ళిపోయింది.

సెకన్లు అయిపోయాయి. అతను హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్టచుట్టి, బల్ల మీద పెట్టాడు. మజ్జిగ తాగలేదు.

"ఇది ఇంగెవురన్నా విన్నారా?"

"అన్న. నేను."

"పద్మకు తెల్సా, ఇది ఉండాదని?"

"తెలీదు."

ఆ మాట అంటుండగానే ఫ్యాను నెమ్మదించింది. తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. పదకొండు. ఆకుపచ్చ గీత సగం దాకా కూడా రాలేదు. గదిలో చప్పుళ్ళన్నీ పోయాక పెరట్లో అమ్మ చాట చప్పుడు మాత్రం మిగిలింది.

అతను ఆ నల్ల తెర వైపే చూస్తున్నాడు.

"తిరునాళ్ళలో బొరుగులు కొనియ్యలేదని నా నెత్తి మీదనే ఏడ్సిండె," అన్నాడు. "మాయక్క నాకేం సెప్పింది తెల్సా? పిల్ల సంతోసంగా ఒప్పుకునిందని సెప్పింది. నేను సరే అంటి." లేచి వైరు పీకి డిస్కు జేబులో పెట్టుకున్నాడు. "కరెంటొచ్చినాక దాన్ని సెరిపేయ్ పాపా. నిజంగా సెరిపేయ్, మీ అన్న సెరిపినట్టు కాదు. నేను విన్నానని యాడా అనొద్దు. పద్మకు అసలే తెలీగూడదు."

"అవ్వకు ఏం సూపిస్తావన్నా?" నేనే అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఏదో ఒకటి సెప్తాలే," అన్నాడు. వాకిట్లో ఎండలో కాగిన బండి సీటును చేత్తో రెండుసార్లు తట్టి, ఎక్కి వెళ్ళిపోయాడు.

రెండింటికి కరెంటు వచ్చింది. కంప్యూటర్లోదీ కెమెరాలోదీ రెండూ చెరిపేశాను.

నాలుగో రోజుకు ఊరంతా తెలిసిపోయింది. మురళి ఫోను చేసి, పిల్ల తనకు నచ్చలేదన్నాడట. అక్క ఏడ్చిందట. బావ తిట్టాడట. ముహూర్తం వెనక్కి జరుపుదాం, రెండేళ్ళు ఆగుదామన్నా వినలేదట. నచ్చలేదు, అంతే అన్నాడట. చిన్నది, చదువుకోనీ అని చెప్పుంటే ఆ రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే వచ్చేది. ఆ సంగతి నాకు తర్వాత ఆలోచిస్తే తెలిసింది.

నాగసుబ్బయ్య మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏమప్పా ఓబుళేశూ, పెండ్లి వీడియోకు ఇంగ ఏం సిద్ధం సేసుకోవద్దులే. పెండ్లే లేదు."

"నేనూ వింటిని సామీ. శానా బాధ—"

"పదేండ్ల నుంచి అనుకున్న సంబంధమప్పా. పాత కెమెరాతో తీసిన పెండ్లి ఒక్కటన్నా తప్పిపోయిండెనా? ఈ కొత్తదాని కన్ను మంచిది కాదు. తెచ్చినావు, మొదటి నిశ్చితార్థమే మాది తీసినావు."

ఆ మాట మా వాకిట్లో ఆగలేదు. అంగడిలో ఎరువులు కొనడానికి వచ్చిన పది ఊళ్ళవాళ్ళూ దాన్ని సంచుల్లో వేసుకుని పోయారు. జూన్ మొదటి వారంలో ఇద్దరు పెండ్లివాళ్ళు వచ్చి, "పాత కెమెరా ఉంటే తీయప్పా, లేకపోతే వద్దు," అన్నారు. పాతది అన్న అమ్మేశాడు. ఇంకొకరు రావడం కూడా రాలేదు, కబురు పంపారు. అమ్మ ఆ కెమెరాను చీర కొంగులో కట్టుకుని అహోబిలం తీసుకుపోయి, దానికి కుంకుమ పెట్టించుకుని, నిమ్మకాయ దిగదీయించుకుని వచ్చింది. అద్దం మీద పడిన కుంకుమను అన్న మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

నేను ఒక్క మాట చెబితే కెమెరా మీద పడిన నింద పోతుంది. ఆ మాట చెబితే పద్మ బజారున పడుతుంది, మురళి చేసిందంతా మట్టిలో కలుస్తుంది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. అమ్మ నాకు కూడా దిష్టి తీసింది.

నెలాఖరుకు నాన్న వచ్చి, లారీలో క్లీనరు లేడని, పని దొరికేదాకా రమ్మని అన్నను పిలిచాడు. వెళ్ళే రోజు బస్టాపు దాకా అన్న సంచి నేను మోశాను. ఎండ నెత్తిన మండుతోంది. ఊరు దాటాక ఆగాను.

"అన్నా, ఆ పొద్దు నేను తీసేయలేదు."

అన్న నడుస్తూనే ఉన్నాడు.

"మురళన్న వచ్చిండె. ఆయనకు వినిపిచ్చినా. తర్వాత తీసేసినా."

పది అడుగులు నడిచాక అన్న నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు. కొడతాడనుకున్నాను. బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడ్డాడు. దూరంగా దుమ్ము లేచింది.

"గొంతు బాగా పడిండెనా?" అన్నాడు.

"ఆఁ."

"మంచి మైకది," అన్నాడు. బస్సు ఎక్కాక కిటికీలోంచి, "ఫ్యాను ఇంగ అమ్మ పక్కకు తిప్పు," అని అరిచాడు.

జూలైలో కాలేజీ తెరిచారు. నాగసుబ్బయ్య కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి ఊరివాళ్ళ చూపులు భరించలేక, రెండేళ్ళు చదువుకోనీలే అన్నాడు. మొదటి రోజు కోయిలకుంట్ల బస్సులో పద్మ నన్ను కిటికీ పక్కకు నెట్టి తను పక్కన కూర్చుంది. కొత్త నోటుబుక్కులు ఒళ్ళో పెట్టుకుని ఊరు దాటేదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉంది. కుందూ వంతెన మీద ఉన్నట్టుండి ఆగింది.

"ఏమ్మే, నిశ్చితార్థం పొద్దు నేను మైకులో ఏందేందో అన్నా. మీ అన్న సెరిపేసినాడు గదా?"

"సెరిగిపోయింది," అన్నాను. ఆ రోజుకు అది నిజమే.

"బతికిచ్చినాడు. నెల పొద్దులు నిద్ర లేదు నాకు, మామ యాడన్నా విన్నాడేమోనని. వినుంటే ఎంత బాధపడుండునో." నోటుబుక్కు అంచును గోటితో గీకింది. "సూస్తే ఆయనకే నేను నచ్చలేదంట. ముందే సెప్పుంటే నేనంత ఏడ్సకపోదును గదా, దొంగముండాకొడుకు." నవ్వింది. తర్వాత, ఇంకొంచెం చిన్న గొంతుతో, "అంత బాగలేనా మే నేను?" అంది.

కనుబొమలు ఎత్తి నా వైపే చూస్తోంది. తెర ఆగిపోయినప్పుడు కనబడిన మొహం అదే.

అట్లా కాదని నేను తల అడ్డంగా ఊపాను.

కండక్టరు వచ్చాడు. ఎప్పటిలాగే నా టికెట్టు కూడా తనే అడిగింది.